ఘాట్ రోడ్డు రాయి గారికి

దోర్నాల - శ్రీశైలం రోడ్డులో, తుమ్మలబైలు దాటాక వచ్చే ఎడమ మలుపులో వేంచేసి ఉన్న బండరాయి గారి సముఖానికి, మార్కాపురం నుంచి ఒక మోటారు సైకిలు వాడు రాసుకునేది. ఉభయ కుశలోపరి. అంటే, నా ముందు చక్రం వంకరపోయింది. తమరికి గీత కూడా పడలేదు.

మా ప్రకాశం వైపు మీ వాళ్లకి పేరుంది. చీమకుర్తి వాళ్లు గెలాక్సీ గ్రానైటని బిరుదు తగిలించుకుని ఓడలెక్కారు. మా ఊరి వాళ్లు పలకలై పిల్లల చేత ఓనమాలు దిద్దించారు. తమరి వైభవం మాత్రం గంటన్నరే. అది కళ్లారా చూశాను.

ఆ పొద్దున నా ముందు ఎక్కుతున్న యాత్రికుల టెంపో మూలిగింది. కాలిన క్లచ్ ప్లేటు కంపు గుప్పుమంది. బండి ఆగింది. ఆగి ఊరుకుందా? వెనక్కి జారడం మొదలెట్టింది. హ్యాండ్ బ్రేకు ఏనాడో అలంకారానికి మిగిలినట్టుంది. అంతదాకా భజన చేస్తున్న వాళ్లంతా మల్లన్నని పక్కనబెట్టి తమరినే పిలిచారు: "రాయెయ్యండబ్బా, రాయి!"

మాల వేసుకున్న ఒకాయన తమరిని పసిబిడ్డలా పొట్టకి అదుముకుని పరుగెత్తుకొచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. టైరు తమరి మీదికి ఒరిగి, కిర్రుమని, నిలిచింది. ఒక పెద్దావిడ దిగి తమరిని తాకి కళ్లకద్దుకుంది. తోడుగా రోడ్డు మీద ఒక చెట్టుకొమ్మ విరిచి పడేశారు. ఆగిన బండి వెనక హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణం బండిలోనే ఉందట, కవరు చిరుగుతుందని తియ్యలేదు.

ఆ తర్వాత మామూలే. సిగ్నల్ లేదు, సలహాలకి లోటు లేదు, అరటిపళ్లు కోతులకి పోయాయి. దోర్నాల నుంచి మెకానిక్ వచ్చి ఏదో బిగించి బండిని కిందికి తిప్పించాడు. అందరూ ఎక్కారు. చెప్పులు లెక్కపెట్టుకున్నారు, చెంబు మర్చిపోతే దిగొచ్చి తీసుకున్నారు. తమరిని ఎవరూ లెక్కపెట్టలేదు.

నేనూ చూశాను. కాలితో నెట్టినా పక్కకి పొయ్యేవారు. దర్శనం వేళ అవుతోందని బండి స్టార్ట్ చేశాను.

తిరుగు ప్రయాణానికి చీకటి పడింది. పులుల అడవి కదా, రాత్రి 9కి దోర్నాల గేటు వేసేస్తారు. ఆ తొందరలో మలుపు కోసి అవతలి వైపుకి వచ్చాను. అక్కడ తమరు, పొద్దున కూర్చోబెట్టిన చోటే, ఎవరి మాటా జవదాటకుండా.

మోకాలు దులుపుకుని లేచాక తమరిని ఎత్తి పక్కన పడేద్దామనే అనుకున్నాను. టైము ఎనిమిదిన్నర. పైగా పెట్టింది నేను కాదుగా.

కాబట్టి మనవి ఏమంటే, వచ్చే సోమవారం మళ్లీ వస్తున్నాను. ఈలోగా తమరే కాస్త పక్కకి జరిగి కూర్చోగలరు.

ఇట్లు,
వంకర చక్రం వాడు