"పికప్‌కి చిన్న టర్బో ఇంజిన్ పనికిరాదు" అనే మాటలో నిజమెంత?

పికప్ కొనాలనుకునేవాళ్లకి ఎవరో ఒకరు తప్పకుండా పంపే సలహా ఇది: "పికప్ అంటే బరువులు లాగే బండి, దానికి వీ8 ఉండాల్సిందే. 2.7 లీటర్ల టర్బో కార్లకి చాలు. ట్రైలర్ తగిలిస్తే లాగలేదు, తొక్కినా వెంటనే అందుకోదు, లక్షన్నర కిలోమీటర్లకే ఇంజిన్ పోతుంది, మైలేజీ కాగితం మీదే, కొండ దిగేటప్పుడు బ్రేకులే దిక్కు." వీ8 అంటే ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్, టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంపు. సలహాలో మొత్తం అయిదు ఆరోపణలు. చివరి రెండూ సగం నిజాలు. మొదటి మూడూ నమ్మి బండి ఎంచుకుంటే మాత్రం అవసరం లేని ఇంజిన్‌కి ఏళ్ల తరబడి పెట్రోలు పోయాల్సి వస్తుంది.

ముందు లాగే సంగతి. ఇంజిన్‌కి బలం సిలిండర్ సైజుతో రాదు, అందులో ఎంత గాలి, ఎంత పెట్రోలు మండాయన్న దానితో వస్తుంది. టర్బో లేని ఇంజిన్‌ బయటి వాతావరణ పీడనం తోసినంత గాలే పీలుస్తుంది. టర్బో ఇంచుమించు ఇంకో అంత పీడనం జతచేస్తే 2.7 లీటర్ల ఇంజిన్‌లోకి 5 లీటర్ల ఇంజిన్‌కి సరిపడా గాలి వెళ్తుంది. 2018 ఫోర్డ్ ఎఫ్-150లో ఈ రెండు ఇంజిన్లూ దొరికేవి. 5.0 లీటర్ల వీ8 గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 542 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్లు), అది 4500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర వస్తుంది. 2.7 టర్బోదీ సరిగ్గా 542 ఎన్ఎమ్మే, కాకపోతే 2750 దగ్గరే వచ్చేస్తుంది. ట్రైలర్‌తో ఎత్తు ఎక్కుతున్నప్పుడు వీ8 రెండు గేర్లు దిగి గోల పెట్టే చోట టర్బో చాలాసార్లు అదే గేరులో లాగేస్తుంది.

హార్స్‌పవర్ మాత్రం వీ8దే ఎక్కువ: 395కి 325. నిండు లోడుతో నిటారు ఘాట్ రోడ్డు మీద వేగం తగ్గకుండా వెళ్లడమే రోజువారీ పని అయితే 2.7 సరైన ఎంపిక కాదు. అప్పుడు కూడా జవాబు వీ8 ఒక్కటే కాదు. అదే బండిలో వచ్చిన 3.5 టర్బో 375 హార్స్‌పవర్, 637 ఎన్ఎమ్ ఇస్తుంది. పైగా టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 2400 మీటర్ల ఎత్తులో దాదాపు పావు వంతు మాయం. టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

అసలు చాలామంది బండ్లలో ముందు చేతులెత్తేసేది ఇంజిన్ కాదు, పేలోడ్, అంటే బండి తనమీద మోయగల బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో దానిమీద రాసి ఉంటుంది. 3000 కిలోల ట్రైలర్ తగిలిస్తే అందులో 10 నుంచి 15 శాతం, అంటే 300 నుంచి 450 కిలోలు, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది. అది కూడా ఆ స్టిక్కర్ లెక్కలోంచే పోతుంది. ఇంజిన్ ఒకటే అయినా యాక్సిల్ రేషియో (చక్రాల ఇరుసు దగ్గరి గేరు నిష్పత్తి), స్ప్రింగులు, ఎక్స్‌ట్రా కూలింగ్ ఉన్న టో ప్యాకేజీని బట్టి రెండు బండ్ల సామర్థ్యంలో బోలెడు తేడా ఉంటుంది. కొనేముందు బ్రోషర్ వదిలేసి ఆ స్టిక్కర్ చదవండి.

ఆలస్యంగా అందుకుంటుందన్న మాట పాత టర్బోలకు చెల్లింది. ఇప్పటివాటిలో టర్బో లోపల తిరిగే చక్రాలు చిన్నవి, బండికి గేర్లు ఎక్కువ. ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు ఒక్క క్షణం ఆలస్యం ఇంకా ఉంటుంది. పడవ ట్రైలర్‌ని ర్యాంప్ మీంచి పైకి లాగేటప్పుడు అది తెలుస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే, ర్యాంప్ తడిగా జారుడుగా ఉన్నప్పుడు 4-లో (ఎక్కువ బలం ఇచ్చే తక్కువ గేర్ల మోడ్) వేస్తే ఆ ఇబ్బందీ ఉండదు.

ఇక ఇంజిన్ పోతుందన్న భయం. ఇదే జనాన్ని ఎక్కువ బెదరగొడుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను రీకాల్ చేసింది. వాటిలో ఉన్నది టర్బో లేని 6.2 లీటర్ల వీ8. 2024లో టొయోటా టండ్రా 3.4 ట్విన్ టర్బో ఇంజిన్లకూ లక్ష దాటి రీకాల్ వచ్చింది. అక్కడ కారణం తయారీలో లోపల మిగిలిపోయిన లోహపు రజను. రెండు చోట్లా దోషం టర్బోది కాదు, ఇంజిన్ సైజుదీ కాదు.

టర్బో ఇంజిన్‌కి ప్రత్యేకంగా వచ్చే జబ్బులు లేకపోలేదు. చాలావాటికి మందు ఓనర్ చేతిలోనే ఉంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని నిలబెట్టేది పల్చటి ఆయిల్ పొర. ట్రైలర్ లాగుతుంటే, లేదా చిన్న చిన్న దూరాలే తిరుగుతుంటే, ఆయిల్ మార్చడానికి డాష్‌బోర్డు 16,000 కిలోమీటర్ల దాకా ఆగమన్నా ఆగకండి. 8,000కి లేదా 6 నెలలకి, ఏది ముందైతే అప్పుడు మార్చండి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఇంకా ముందే మార్చాలి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (ఇంజిన్ ఆయిల్ ప్రమాణం) లేదా అంతకంటే కొత్త గ్రేడ్ ఉందో లేదో చూసుకోండి. తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదాన్ని తగ్గించేలా ఆ గ్రేడ్‌ని తయారు చేశారు. అదే కారణంగా పై గేరులో 1500 దగ్గర పెడల్ పూర్తిగా అదమకూడదు, గేరు దిగనివ్వాలి. ఘాట్ రోడ్డు ఎక్కి ఆగాక వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బోలో ఆయిల్ మాడి గట్టిపడదు.

లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే బండి సన్నగా వణికి, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటే చాలామంది టర్బో పోయిందని కంగారు పడతారు. ముందు స్పార్క్ ప్లగ్‌లు తీయించి చూడండి. పీడనం ఎక్కువైన కొద్దీ గ్యాప్ దాటడం స్పార్క్‌కి కష్టమవుతుంది, అందుకే వీటిలో గ్యాప్ 0.75 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పెడతారు. అరిగి అది పెరిగితే ఖాళీ బండిలో ఏమీ తెలియదు, లోడు పడగానే మిస్‌ఫైర్ బయటపడుతుంది. ట్రైలర్ లాగేవాళ్లు 70,000 కిలోమీటర్లకే మార్చుకోవడం మేలు.

పాత బండి కొంటుంటే రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ని మీ ముందే స్టార్ట్ చేయమనండి. ముందు భాగంలో రెండు మూడు సెకన్లు గలగలమంటే ఫోర్డ్ 3.5లో మొదటి తరానిదైతే టైమింగ్ చైన్, 2017-2020 మధ్యదైతే క్యామ్ ఫేజర్లు (వాల్వ్‌లు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాలు) అనుమానించాలి. రెండూ పెద్ద ఖర్చు. 2017 నుంచి 3.5లో, 2018 నుంచి 2.7లో పోర్ట్ ఇంజెక్షన్ (ఇంటేక్ వాల్వ్‌ల వెనక పెట్రోలు చల్లే పద్ధతి) కూడా జతచేశారు. పెట్రోలు ఇంటేక్ వాల్వ్‌ల మీదుగా కూడా వెళ్లి కడుగుతుంది కాబట్టి కార్బన్ పేరుకోవడం బాగా తగ్గింది. అంతకు ముందువాటిలో ఆ కార్బన్ శుభ్రం చేయించారో లేదో అడగండి.

మైలేజీ దగ్గర ఆ సలహాలో సగం నిజం ఉంది. టూ వీల్ డ్రైవ్ 2018 ఎఫ్-150కి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఇచ్చిన లెక్క 2.7కి గ్యాలన్‌కి 22 మైళ్లు, వీ8కి 19. అంటే లీటరుకు సుమారు 9.4, 8.1 కిలోమీటర్లు. ఖాళీగా తిరిగేటప్పుడు ఈ తేడా వాస్తవమే. బరువైన ట్రైలర్ తగిలిస్తే మాత్రం టర్బో అదేపనిగా పనిచేస్తుంది, వేడిని అదుపులో ఉంచడానికి కంప్యూటర్ పెట్రోలు పాలు పెంచుతుంది: గాలి 14.7 పాళ్లకి ఒక పాలు పోయేది 12 పాళ్లకే పోవచ్చు. అప్పుడు రెండూ ఒకేలా తాగుతాయి, ఒక్కోసారి టర్బోయే ఎక్కువ. కాబట్టి నెలలో బండి ఎన్ని గంటలు లోడుతో నడుస్తుందో లెక్క వేసుకోండి. ఎక్కువ భాగం ఖాళీగా తిరిగితే చిన్న టర్బో తీసుకోండి. రోజంతా బరువే లాగితే మైలేజీ కోసం టర్బో కొనకండి. ఎండలో, లోడుతో వెళ్లే రోజుల్లో ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు వేళ కాకుండా మండడం) తగ్గి బలం నిలుస్తుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

దిగేటప్పుడు బ్రేకుల సంగతీ కొంత నిజమే. పెడల్ వదిలినప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపే బలం దాని సైజు మీద, ఆర్‌పీఎం మీద ఆధారపడుతుంది. అదే ఆర్‌పీఎంలో 2.7 ఇంచుమించు వీ8లో సగమే పట్టి ఆపుతుంది. వాలు మొదలవక ముందే టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేరు అమరిక) వేసి, చేత్తో గేరు దించి 3500 నుంచి 4500 మధ్య తిరగనివ్వండి. ఆ శబ్దానికి భయపడక్కర్లేదు. వేగం పెరిగినప్పుడు మూడు నాలుగు సెకన్లు గట్టిగా బ్రేకు వేసి పూర్తిగా వదలండి, కాలు ఆనించి ఉంచితే డిస్కులు కాలిపోతాయి. ట్రైలర్‌కి సొంత బ్రేకులు, క్యాబిన్‌లో వాటి కంట్రోలర్ లేకుండా ఏ ఇంజిన్‌తోనూ బరువుతో కొండ దిగకండి.