జపాన్ టీచర్ జీతం రెండున్నర లక్షలే, కాకపోతే రూపాయల్లో కాదు

కొన్నాళ్లుగా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "జపాన్‌లో ఇంగ్లిష్ టీచర్లు కావాలి. చదువు ఏదైనా పర్వాలేదు, ఇంగ్లిష్ మాట్లాడితే చాలు. జపనీస్ అక్కర్లేదు. నెలకు రెండున్నర లక్షలు, రోజుకు నాలుగు గంటల పని, రూము ఫ్రీ. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడే వర్క్ వీసాకు మార్చుకోవచ్చు. పెద్ద కంపెనీ, మూడేళ్లలో పీఆర్ (శాశ్వత నివాసం). ప్రాసెసింగ్ ఫీజు నాలుగు లక్షలు మాత్రమే."

నేను జపాన్‌లో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే ప్రైవేటు స్కూల్లోనే పాఠాలు చెప్పాను. అక్కడ వాటిని ఎయికైవా అంటారు. ఆ ఉద్యోగం నిజంగానే ఉంది, దాంతో గౌరవంగా బతకొచ్చు. కానీ ఈ మెసేజ్‌లో చెప్పిన ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు. దీన్ని నమ్మి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టేవాళ్లు ఉంటారన్న భయంతోనే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందు టూరిస్ట్ వీసా సంగతి. మనిషి నిజంగా ఇరుక్కుపోయేది ఇక్కడే. టూరిస్టుగా వెళ్లినవాళ్లు అక్కడ జీతం తీసుకుని ఒక్క పాఠం చెప్పినా నేరమే. అక్కడికి వెళ్లాక వర్క్ వీసాకు మార్చుకుంటామంటే, చాలా ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప ఒప్పుకోరు. దొరికిపోయి డిపోర్ట్ అయితే మామూలుగా ఐదేళ్లు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. అసలు పద్ధతి వేరు. స్కూలు వీడియోకాల్‌లో ఇంటర్వ్యూ చేస్తుంది, నచ్చితే కాంట్రాక్టు పంపుతుంది, జపాన్‌లోని ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో మన తరఫున సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీకి దరఖాస్తు పెడుతుంది. అందరూ సీఓఈ అనేది దీన్నే. అది వచ్చాకే మనం ఇక్కడ వీసాకు అప్లై చేస్తాం. సీఓఈ మూడు నెలలే చెల్లుతుంది. అంటే వర్క్ వీసా పని మొదలుపెట్టాల్సింది స్కూలు. సీఓఈ ఊసే ఎత్తకుండా వీసా ఇప్పిస్తాననే ఏజెంటును నమ్మడానికి వీల్లేదు.

"చదువు ఏదైనా పర్వాలేదు" అన్నది కూడా తప్పే. ఎయికైవా టీచర్లకు సాధారణంగా ఇచ్చేది ఇంజినీర్, హ్యుమానిటీస్, ఇంటర్నేషనల్ సర్వీసెస్ అనే మూడూ కలిసిన వీసా. అందులో భాష నేర్పే పనికి డిగ్రీ ఉండాలి, లేదంటే మూడేళ్ల అనుభవం కాగితాలతో చూపించాలి. డిగ్రీ ఏ సబ్జెక్టులో అయినా ఫర్వాలేదు, బీటెక్ వాళ్లూ వెళ్లొచ్చు. మెసేజ్ రాసినవాళ్లు ఈ మాటనే తిప్పి అసలు చదువే అక్కర్లేదన్నట్టు చేశారు.

ప్రభుత్వ బడుల్లో ఏఎల్‌టీగా, అంటే అసిస్టెంటు టీచరుగా వెళ్లాలంటే వీసా వేరు. దాన్ని ఇన్‌స్ట్రక్టర్ వీసా అంటారు. దానికి మనవాళ్లు గమనించాల్సిన నిబంధన ఒకటుంది: ఏ భాష నేర్పుతామో ఆ భాషలో పన్నెండేళ్లు చదువుకుని ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియం అయితే పన్నెండేళ్లూ నిండుతాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత ఇంటర్, ఇంజినీరింగ్ ఇంగ్లిష్‌లో చేసినవాళ్లకు లెక్క ఆరేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఎంత బాగా మాట్లాడినా అక్కడ చూసేది కాగితాన్నే. అందుకే స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు మీడియం కూడా స్పష్టంగా రాయించుకోండి. ఎయికైవాలు కూడా చాలాచోట్ల ఇదే అడుగుతాయి.

టీచరు ఏ దేశంవారై ఉండాలో చట్టంలో లేదు. స్కూళ్ల ప్రకటనల్లో మాత్రం "నేటివ్ స్పీకర్" అన్న మాట కనిపిస్తుంది. మన పేరు, మన పాస్‌పోర్టు చూడగానే పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఫిలిప్పీన్స్ టీచర్లు జపాన్‌లో ఏళ్ల తరబడి చక్కగా పాఠాలు చెబుతూనే ఉన్నారు. మనవాళ్లకూ ఉద్యోగాలు దొరుకుతాయి, కాకపోతే ఎక్కువ దరఖాస్తులు పెట్టాలి.

ఇక జీతం. నెలకు రెండున్నర లక్షలన్నది నిజమే, ఎయికైవాల్లో చాలాకాలంగా వినిపించే అంకె అదే. కానీ అవి యెన్లు. ఈమధ్య కాలంలో ఒక యెన్ మన డబ్బుల్లో 55 నుంచి 60 పైసల మధ్య ఉంటోంది. అంటే లక్షా నలభై వేల రూపాయలు అటూ ఇటూ. అదీ పూర్తిగా చేతికి రాదు. పెన్షన్‌కు జీతంలో 9.15 శాతం, ఆరోగ్య బీమాకు 5 శాతం దాకా, ఉద్యోగ బీమా, ఆదాయపు పన్ను పోగా మిగిలేది రెండు లక్షల యెన్ల పైచిలుకు. రెండో ఏడాది నుంచి ఇంకోటి తగులుతుంది. అది నివాస పన్ను. ముందు ఏడాది సంపాదన మీద లెక్క కడతారు కాబట్టి మొదటి ఏడాది కనిపించదు. తర్వాత జూన్ నుంచి నెలకు దాదాపు పదివేల యెన్లు కోతపడతాయి. జీతం పెరగకపోగా తగ్గిందేమిటని స్లిప్పు పట్టుకుని ఆఫీసులో అడిగిన కొత్త టీచర్లను నేను చూశాను.

రూము ఫ్రీ అన్నమాట నేను ఏ కాంట్రాక్టులోనూ చూడలేదు. స్కూలు తన పేరు మీద గది తీసుకుని అద్దె మన జీతంలో కోసుకోవడం మామూలు. సొంతంగా వెతుక్కుంటే డిపాజిట్, రెయికిన్ అని ఇంటి యజమానికి ఇచ్చే తిరిగిరాని డబ్బు, ఏజెన్సీ ఫీజు, గ్యారంటీ కంపెనీ ఫీజు కలిపి మొదటి రోజే కొన్ని నెలల అద్దె వదులుతుంది. మొదటి జీతం వచ్చేసరికి నెల దాటుతుంది. అప్పటిదాకా బతకడానికి చేతిలో డబ్బుండాలి.

నాలుగు గంటల పని అనేది పాఠాల గంటలనే పని గంటలుగా చూపించడం. మాది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఎందుకంటే నేర్చుకునేవాళ్లు బడి అయ్యాకో ఆఫీసు అయ్యాకో వస్తారు. శని, ఆదివారాలే అసలు రద్దీ. శనివారం పొద్దున నాలుగేళ్ల పిల్లలు ఆరుగురు, అద్దం గోడ అవతల వాళ్ల అమ్మలు. ఒకడు ఏ, బీ, సీ కార్డులు నోట్లో పెట్టుకుంటాడు, ఇంకొకమ్మాయి తలుపు దగ్గర ఏడుస్తుంది. నలభై నిమిషాలు పాడుతూ గెంతుతూ ఉండాలి. అది అయిన పది నిమిషాలకే టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షకు తయారవుతున్న యాభై ఏళ్ల ఉద్యోగి వచ్చి కూర్చుంటాడు. మధ్యలో పాఠం రిపోర్టు రాయాలి, కొత్తగా చేరాలనుకునేవాళ్లకు ట్రయల్ క్లాసు చెప్పాలి. ఇది కష్టమైన పని, ఇష్టంగా చేసేవాళ్లకు మంచి పని కూడా.

జపనీస్ అక్కర్లేదన్నది తరగతి గదిలో నిజం. చాలా స్కూళ్లు క్లాసులో జపనీస్ మాట్లాడవద్దనే చెబుతాయి. గది దాటితే వార్డు ఆఫీసు, బ్యాంకు, అద్దె కాగితాలు అన్నీ జపనీస్‌లోనే. కనీసం హిరగన, కతకన అనే జపనీస్ అక్షరాలు చదవడం వచ్చాకే విమానం ఎక్కండి.

"పెద్ద కంపెనీ, భయం లేదు" అనేవాళ్లు నోవా సంగతి తెలుసుకోవాలి. అప్పట్లో జపాన్‌లో అన్నింటికన్నా పెద్ద ఎయికైవా అదే. 2007 అక్టోబరులో కుప్పకూలింది. దాదాపు 4,000 మంది విదేశీ టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డారు. జీతంలో కోసుకున్న అద్దె ఇంటి యజమానులకు చేరక కొందరికి గదులు ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. భోజనం పెడితే పాఠం చెప్తామన్నవాళ్లూ ఉన్నారు. 2010లో జియోస్ అనే ఇంకో ఎయికైవా కూడా దివాలా తీసింది. అందుకే కంపెనీ పేరుకన్నా కాంట్రాక్టు ముఖ్యం. అందులో గ్యోము ఇతాకు అని ఉంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా చూస్తున్నారని అర్థం. పెయిడ్ లీవు, ఉద్యోగ బీమా ఉండవు. ఉద్యోగి అయితే ఆరు నెలలకు పది రోజుల పెయిడ్ లీవు చట్టప్రకారం వస్తుంది. వారానికి 29.5 గంటలని రాసి ఆరోగ్య బీమా, పెన్షన్ ఎగ్గొట్టడం ఒకప్పుడు మామూలు. 2024 అక్టోబరు నుంచి 51 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలో వారానికి 20 గంటలు చేసినా సాధారణంగా వాటిలో చేర్చాల్సిందే. మధ్యలో మానేస్తే ఇంత జరిమానా అని ముందే రాయడాన్ని కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. కంపెనీ మునిగితే బకాయి జీతంలో 80 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వ పథకం నుంచి వస్తుంది.

మూడేళ్లలో పీఆర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మామూలు దారిలో పదేళ్ల నివాసం కావాలి. మూడేళ్ల దారి చదువు, జీతం, అనుభవం లాంటివాటికి పాయింట్లు ఇచ్చే పద్ధతిలో 70 తెచ్చుకున్నవాళ్లకు. కొత్త ఎయికైవా టీచరు జీతంతో అన్ని పాయింట్లు రావడం చాలా కష్టం.

చివరిగా, ఆ నాలుగు లక్షలు. విదేశీ ఉద్యోగానికి మన దేశంలో రిజిస్టరయిన ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే చట్టాన్ని మీరినట్టే. స్కూళ్లకు నేరుగా దరఖాస్తు పెడితే ఆ రుసుము కూడా ఉండదు. మెసేజ్ పంపినవాళ్ల లైసెన్సు నంబరు అడిగి, మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. నంబరు ఇవ్వకపోతే ఒక్క రూపాయి కూడా పంపకండి.