గ్రూప్ ఫోటో గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్రూప్ ఫోటో గారి దివ్యసముఖానికి,

న్యూజెర్సీ నుంచి ఒక చిన్న ఉద్యోగి నమస్కరించి రాయునది ఏమనగా, ఇచ్చట మేమందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మా వెబ్‌సైట్ మొదటి పేజీలో, ఆఫీసు గోడ మీద, వార్షిక నివేదిక అట్ట మీద, చివరికి దాతలకు పంచిన కాఫీ మగ్గుల మీద కూడా మీరు కులాసాగా నవ్వుతూనే ఉన్నారు.

మాది భారతీయ అమెరికన్ల హక్కుల కోసం పనిచేసే నాన్‌ప్రాఫిట్. జీతం తీసుకునేవాళ్లం నలుగురం, బోర్డు డైరెక్టర్లు పద్దెనిమిది మంది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని మా అమ్మమ్మ అనేది గానీ, ఆ మాట మీ దగ్గర అనకూడదు. మీకు పల్లకీలో వాళ్లే కావాలి కదా.

మొన్న వసంతంలో హిల్ డే, అదే చట్టసభ సభ్యుల్ని వాళ్ల ఆఫీసుల్లో కలిసి గోడు చెప్పుకునే రోజు, మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎడిసన్‌లో బస్సు ఎక్కాం. పులిహోర పొట్లాలు పంచే పని నాదే. వాషింగ్టన్ చేరి, ప్రతినిధుల సభ సభ్యుల ఆఫీసులుండే రేబర్న్ భవనం గుమ్మంలో మెటల్ డిటెక్టర్ దాటి, ఆ పొడుగాటి నడవాలో గది నంబరు వెతుక్కునేసరికే ఇద్దరు డైరెక్టర్లు తప్పిపోయారు. మాకిచ్చిన టైం పదిహేను నిమిషాలు. అడగాల్సింది ఒకటే: తల్లిదండ్రుల హెచ్-1బి మీద రెండో ఏటో మూడో ఏటో వచ్చి, ఇక్కడే బళ్లో చదివి, 21 నిండగానే డిపెండెంట్ హోదా పోగొట్టుకునే పిల్లల సంగతి. అలాంటి అమ్మాయినే ఒకర్ని వెంట తీసుకెళ్లాం. కాలేజీలో చదువుతోంది. తన కథ రెండు నిమిషాల్లో చెప్పేలా మా పాలసీ అసోసియేట్ పాపం వారం రోజులు ప్రాక్టీసు చేయించింది.

గది చిన్నది కావడంతో మీటింగు నడవాలోకి మారింది. నోట్‌బుక్ పట్టుకుని వచ్చిన లెజిస్లేటివ్ అసిస్టెంటుకి (సభ్యుడుగారి దగ్గర చట్టాల వ్యవహారాలు చూసే ఉద్యోగికి) మా పాలసీ అసోసియేట్ కంటే ఒక ఏడాది చిన్న వయసు ఉంటుందేమో. అతని ముందు మావాళ్ల స్వీయ పరిచయాలు మొదలయ్యాయి. ఒకాయన ఏ ఊళ్లో మెడిసిన్ చదివారో, ఏ సంవత్సరం ఈ దేశం వచ్చారో, పిల్లలు ఏ యూనివర్సిటీల్లో ఉన్నారో. ఇంకొకాయన కంపెనీ, దాని బ్రాంచీలు. ఎనిమిది నిమిషాలు అలా గడిచాక, ఓటింగు గంట మోగే లోపు మేం కలవాల్సిన సభ్యుడుగారే గబగబా బయటికొచ్చారు. ఇక చూడాలి! శాలువా బయటికి తీశారు. బహుమతి యాభై డాలర్ల లోపు ఉండాలని ప్రతినిధుల సభ నియమం కదా, దాని రసీదు నా హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉంది. శాలువా కప్పాక మీ ఆవాహన మొదలైంది. “వెనకవాళ్లు ముందుకి రండి.” “డాక్టరుగారు, కాస్త పక్కకి.” “కళ్లు మూశారు, ఇంకోటి.” ఎవరి ఫోన్లో వాళ్లకి మీరు కావాలి గనక ఫోన్లన్నీ ఒకళ్లు పట్టుకోవాలి. సగం నేను పట్టుకున్నాను. మిగతా సగం, పది హ్యాండ్‌బ్యాగులతో సహా, ఆ అమ్మాయి చేతుల్లో పెట్టారు.

సభ్యుడుగారు శాలువాతోనే ఓటు వేయడానికి పరిగెత్తారు. టైం అయిపోయింది. లిఫ్టు దగ్గర ఆ అసిస్టెంటు కుర్రాడు మర్యాదకి ఆ అమ్మాయిని “మీది ఏ జిప్ కోడ్?” అని అడిగాడు. అమ్మాయి చెప్పింది. దానితోపాటు తన పుట్టినరోజు ఎప్పుడో చెప్పింది, ఆ రోజు తర్వాత ఏమవుతుందో కూడా చెప్పింది. అతను నోట్‌బుక్ తెరిచి, గోడకి ఆనించి రాసుకున్నాడు. ఆ రోజు మేం చేసిన అడ్వొకసీ మొత్తం అంతే. మీరు అప్పటికే వాట్సాప్‌లో గుంటూరు దాకా వెళ్లిపోయారు. మరుసటి రోజు పేపరు ఎన్నారై పేజీలో “ప్రవాసుల సమస్యలపై అమెరికా చట్టసభలో కీలక చర్చ” అని మీ కింద అచ్చయింది. చర్చ నిజమే. కళ్లు మూశారా తెరిచారా అన్న దాని మీద జరిగింది.

మీ దీర్ఘాయువు చూస్తే నాకు అసూయ. 2019 జులైలో దేశాల వారీ గ్రీన్‌కార్డు పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గినప్పుడు ఎన్ని ఊళ్లలో, ఎన్ని స్వీటు డబ్బాలతో మీరు వెలిశారో! 2020 డిసెంబరులో సెనేట్ తన మార్పులతో తానూ ఆమోదించింది. మళ్లీ మీరే. రెండు సభల ముసాయిదాలు కలిపే పని మాత్రం మిగిలిపోయింది, 2021 జనవరి మొదట్లో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లూ దాంతోపాటే పోయింది. ఏ దేశానికైనా ఏడు శాతం అన్న పరిమితి చెక్కుచెదరలేదు. మీరూ చెదరలేదు. ఇప్పటికీ ఏటా ఆ తేదీకి ఫేస్‌బుక్ మిమ్మల్ని జ్ఞాపకంగా పైకి తెస్తుంది, కింద నలభై మంది “కంగ్రాట్స్” పెడతారు.

మీరు లేకుండా పనులయ్యే కాలం కూడా ఒకటుండేదంటే నమ్ముతారా? 1970 జనాభా లెక్కల్లో ఇక్కడి భారతీయుల్ని తెల్లవాళ్ల కింద రాశారు. అది సరికాదని 1970లలో అసోసియేషన్ ఆఫ్ ఇండియన్స్ ఇన్ అమెరికా వాళ్లు అధికారుల చుట్టూ తిరిగారు, అర్జీలు పెట్టారు, తమలో తాము వాదించుకున్నారు కూడా. 1980 ఫారంలో “ఏషియన్ ఇండియన్” అని ఒక గడి వచ్చింది. ఇవాళ మా గ్రాంటు దరఖాస్తుల్లో “మన జనాభా ఇంత” అని గర్వంగా రాసే ప్రతి అంకె ఆ గడిలోంచి వచ్చిందే. వాళ్లలో ఒక్కరి మొహం కూడా మా గోడ మీద లేదు. గడిని ఫోటో తీస్తే ఏం కనిపిస్తుంది లెండి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం మా హాట్‌లైన్. మా బ్రోషరులో హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఉంటుంది చూశారా, ఆవిడ ఎవరో మాకు తెలియదు, పన్నెండు డాలర్లకి కొన్న బొమ్మ. నిజం హాట్‌లైన్ ఒక మూల పగిలిన సెల్‌ఫోను. నలుగురం వంతులేసుకుని ఇంటికి పట్టుకెళ్తాం. సోమవారం పొద్దున తొమ్మిది దాటాక ఎక్కువ మోగుతుంది, అప్పటికి ఇంట్లో మగాళ్లు పనికి వెళ్లిపోతారు గనక. ఒకసారి కిరాణా కొట్టు పార్కింగులోంచి ఒకావిడ, కారు అద్దాలు ఎత్తుకుని, గొంతు తగ్గించి: “అక్కా, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. నేను నోరెత్తితే నా హెచ్-4 పోతుందంట కదా? ఎక్కువసేపు మాట్లాడలేనక్కా, పాలు కొనడానికని వచ్చాను.”

ఇలాంటి వాళ్ల కోసం చట్టంలో ఒక దారి ఉంది. హెచ్-4 మీద, అంటే భర్త వీసాకి ముడిపడిన వీసా మీద, ఉండి హింసకు గురైన భార్య, భర్త సంతకంతో పనిలేకుండా, ఉద్యోగ అనుమతికి సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టం మీద 2006 జనవరిలో అధ్యక్షుడి సంతకం పడింది. దరఖాస్తు ఫారం, ఐ-765వి, వచ్చింది 2017లో. సంతకం రోజున మీరు తప్పకుండా వేంచేసే ఉంటారు. ఆ తర్వాత పదకొండేళ్లు “ఫారం ఏదండీ?” అని అడుగుతూ కూర్చున్న వాళ్ల దగ్గరికి మాత్రం మీకు తీరిక దొరికినట్టు లేదు. ఆ ఫారం కూడా అన్నీ తీర్చదు, వీసా చిక్కులు వీసా చిక్కులే. అయినా పాలు కొనడానికి పట్టే టైంలో ఒకావిడకి చెప్పగలిగిన ఆశ అది. చెప్పాను. రాసుకోవడానికి కాగితం లేదంటే రసీదు వెనక రాసుకోమన్నాను.

ఇప్పుడు ఈ కాల్‌ని గ్రాంటు నివేదికలో ఎలా పెట్టాలో చెప్పండి. ఫౌండేషన్ వాళ్లు “ఎంతమందిని చేరారు, అధిక నాణ్యత గల ఫోటోలు జత చేయండి” అంటారు. చేరింది ఒకర్ని. ఆవిడ ఫోటో అడిగితే నా ఉద్యోగం పోవాలి. అదే దీపావళి విందులో ఆరువందల మంది తిన్నారంటే ఆరువందల మందిని చేరినట్టే, పైగా మీరు మూడు సైజుల్లో సిద్ధం. ఏ నిధులు ఎటు వెళ్తాయో వేరే చెప్పాలా?

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు. డేటా సైన్స్‌లో ఎమ్మెస్. ఓపీటీలో, అంటే చదువయ్యాక విద్యార్థులకి దొరికే తాత్కాలిక ఉద్యోగ అనుమతిలో, ఉద్యోగం లేకుండా తొంభై రోజులు దాటకూడదు, చదువుకి తగిన పని వారానికి ఇరవై గంటలు జీతం లేకుండా చేసినా లెక్కలోకి వస్తుంది గనక మా దగ్గర వాలంటీరుగా చేరాడు. హాట్‌లైన్ ఎప్పుడు ఎందుకు మోగుతోందో చక్కగా చార్టు వేసి ఇచ్చాడు. బోర్డు మీటింగులో దాన్ని వచ్చే నెలకి వాయిదా వేశారు. ఎందుకంటే ఆ పూట అత్యవసరమైన అంశం ఇంకోటి వచ్చింది: వార్షిక నివేదికలో ఒక డైరెక్టరుగారు నాలుగు ఫోటోల్లోనే ఉన్నారు, ఇంకొకరు పదకొండింట్లో. లెక్క తేల్చమన్నారు. కుర్రాడు మొహాలు గుర్తుపట్టే ప్రోగ్రాం రాసి రాత్రికి రాత్రి తేల్చాడు. మెచ్చుకుని సర్టిఫికెట్ ఇస్తూ అతనితో కూడా మిమ్మల్ని తీయించుకున్నారు. తొంభైలో అతనికి ఎన్ని రోజులు మిగిలాయో మాత్రం ఎవరూ అడగలేదు.

ఎన్నికల ఏడాది వచ్చిందంటే మీతో మరో టెన్షన్. మాది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ. ఫలానా అభ్యర్థికి ఓటేయండని ఇలాంటి సంస్థలు అనకూడదని 1954 నుంచి చట్టం ఉంది. డైరెక్టర్లు “వ్యక్తిగత హోదాలో” అభ్యర్థుల సభలకి వెళ్లామంటారు, ఒంటి మీద మాత్రం మా సంస్థ టీషర్టు. లాయరు ఫోన్ చేస్తాడు. నేను కూర్చుని టీషర్టుల మీద లోగో చెరుపుతాను. నవంబరు వచ్చేసరికి నాకు ఫోటోషాప్‌లో పట్టభద్రత వస్తుంది.

ఇంతకీ నా విన్నపం చిన్నది. వచ్చే నెలలో మన గాలా, అదే మన పెద్ద విందు. మీరు ఎలాగూ ముఖ్య అతిథి, అర్ధగంటకోసారి వేదిక మీదికి దయచేస్తారు. మిమ్మల్ని తీసే డ్యూటీ యథాప్రకారం నాకే పడింది. ఆ సాయంత్రం హాట్‌లైన్ వంతు కూడా నాదే, మార్చుకుందామంటే మిగతా ముగ్గురూ రిసెప్షన్ బల్ల దగ్గర, భోజనాల దగ్గర ఉంటారు. నడుమ ఫోన్ మోగితే నేను కెమెరా దింపి బయటికి వెళ్తాను. వచ్చేదాకా వాళ్లందరినీ కాస్త అలాగే నిలబెట్టి ఉంచండి. నా మాట వినరు గానీ, మీ కోసమంటే ఎంతసేపైనా కదలరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ప్రోగ్రాం కోఆర్డినేటర్