పేరు దాచండి, ఉత్తర్వును దాచొద్దు

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు విచారణకు వచ్చిందనుకుందాం. అమ్మాయి పేరు ఏ పత్రికా రాయదు. కానీ తండ్రి బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతాడని, తల్లిది టెక్కలి వైపని, పెద్దమ్మాయి తొమ్మిదో తరగతని రాస్తారు. అంత చిన్న ఊళ్లో ఇక పేరెందుకు? మహేంద్రతనయ దాటి వార్త పాతపట్నం చేరేలోపే వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఇంటి గుట్టు బయటపడుతుంది.

చట్టంలో లోపం లేదు. పోక్సో 23వ సెక్షన్ పేరుతో పాటు చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఆచూకీ పట్టించే ఏ సమాచారమైనా మీడియా బయటపెట్టకూడదంటుంది. పిల్ల మేలు కోసమైతే ప్రత్యేక కోర్టు అనుమతి ఇవ్వొచ్చు, అంతే. నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఈ గోప్యత విషయంలో బేరాలకు తావు లేదు.

నా అభ్యంతరమల్లా ఆ ముసుగును పలుకుబడి ఉన్నవాళ్లు కూడా అడగడం మీదే. వ్యాపారం దెబ్బతింటుందనో, పరువు పోతుందనో కోర్టుకెళ్లి వార్తలు ఆపించుకోవాలని చూస్తారు. మీరాజ్‌కర్ అనే విలేకరి సుప్రీంకోర్టుకెళ్లిన కేసులో సరిగ్గా ఇదే జరిగింది. బొంబాయి హైకోర్టులో ఒక పరువునష్టం దావాలో సాక్షి ఒకాయన తన వాంగ్మూలం పత్రికల్లో వస్తే వ్యాపారానికి నష్టమన్నాడు. జడ్జి సరేనన్నారు, అదీ నోటిమాటగా! కాగితం మీద ఉత్తర్వు లేదు. 1966లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం దాన్ని సమర్థించింది, ఒక్క జస్టిస్ హిదయతుల్లా తప్ప. నాకు ఆయన మాటే న్యాయంగా తోస్తుంది. రాతలో లేని ఆంక్షను ఏమని సవాలు చేస్తాం?

సహారా కంపెనీ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కొంత నయం. న్యాయవిచారణకు నిజంగా పెద్ద ముప్పు ఉంటేనే, వేరే మార్గం లేకపోతేనే, అదీ కొంతకాలమే వార్తను వాయిదా వేయించాలంది. 2024లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ కేసులోనూ విచారణ జరక్కుండానే కథనాలు ఆపేయడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు వచ్చేసరికి ఇంకో చిక్కు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం కోర్టుల్లో ఉత్తర్వులు ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. ఆ వార్త రాసేది మాత్రం పార్వతీపురం, శ్రీకాకుళం తెలుగు విలేకరులు కూడా. ఏం దాచమన్నారో తెలియక కొందరు అన్నీ రాసేస్తారు, కేసవుతుందన్న టెన్షన్‌తో కొందరు అసలేమీ రాయరు. నిందితుడు శిక్ష తప్పించుకున్నాడా, వాయిదాలు ఎందుకు పడుతున్నాయి అన్నవి కూడా జనానికి తెలియకుండా పోతాయి. ఈ మౌనం వల్ల బాధితురాలికి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ప్రతి గోప్యతా ఉత్తర్వులో మూడు విషయాలు ఉండాలి: ఏ వివరాలు దాచాలి, ఎందుకు, ఎప్పటివరకు. అది కోర్టు వెబ్‌సైట్‌లో కనిపించాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాల్లో ఒక పేజీ తెలుగు అనువాదం కూడా జత చేయాలి. జిల్లా జడ్జీలు తలుచుకుంటే అనువాదకులతో ఈ పని రేపే మొదలుపెట్టించవచ్చు.