ఎల్లింగ్టన్ బ్యాండు డబ్బు తెచ్చిపెట్టలేదు, తినేసింది

అమెరికా జాజ్ సంగీతకారుడు, బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ఆస్తి గురించి సోషల్ మీడియాలో ఓ కథ తెగ తిరుగుతోంది. యాభై ఏళ్ళు ఆపకుండా కచేరీలు చేసి కోట్లు కూడబెట్టాడట. పాటల మీద వచ్చిందంతా మేనేజర్ మింగేశాడట. అయినా మిగిలినదాన్ని వారసులు ఈరోజుకీ కాలు మీద కాలేసుకుని తింటున్నారట. చదవడానికి బాగానే ఉంది గానీ, మూడు ముక్కల్లో ఒక్కటీ నిలబడదు.

ముందు కచేరీల సంగతి. పదిహేను మంది దాకా వాయించే బ్యాండు అది. జీతాలు, ప్రయాణాలు, బస, ఇవన్నీ భరించాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పెద్ద బ్యాండ్లకు గిరాకీ పడిపోయింది. ఒకటి తర్వాత ఒకటి మూతపడ్డాయి. మరో పేరున్న బ్యాండు నాయకుడు కౌంట్ బేసీ అంతటివాడే 1950లో చిన్న బృందంతో సరిపెట్టుకున్నాడు. ఎల్లింగ్టన్ మాత్రం ఆపలేదు. పాత పాటల మీద వచ్చే రాయల్టీలు తెచ్చి జీతాల్లో పోశాడు. ఒకరకంగా చేతి చమురే. రాసింది వెంటనే చెవులారా వినాలన్నది ఆయన పట్టుదల, దానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే బ్యాండు కావాలి. బారిటోన్ శాక్సఫోన్ వాయించే హ్యారీ కార్నీ 1927లో చేరి, 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా కూడానే ఉన్నాడు. అలాంటి మనుషులను నిలబెట్టుకోవడానికి అయిన ఖర్చును లాభం ఖాతాలో రాయడం ఏం లెక్కో నాకర్థం కాలేదు.

ఇక మేనేజర్ అర్వింగ్ మిల్స్. ఈయన మీద కోపం న్యాయమే. 1926లో ఎల్లింగ్టన్‌తో చేతులు కలిపాడు. తర్వాత పెట్టిన కంపెనీలో ఎల్లింగ్టన్‌కు 45 శాతం, మిల్స్‌కూ 45 శాతం, మిగతాది లాయరుకు. అది చాలదన్నట్టు ‘మూడ్ ఇండిగో’ లాంటి పాటల రచయితల్లో తన పేరూ వేయించుకున్నాడు. పాటల హక్కులు చూసుకుని రాబడిలో వాటా తీసుకునే ప్రచురణ సంస్థ కూడా ఆయన కుటుంబానిదే. అంటే ఒకే పాట మీద మేనేజరుగా, రచయితగా, ప్రచురణకర్తగా మూడు చేతులతో తీసుకున్నాడన్నమాట.

అయితే మింగేసి ఊరుకోలేదు. నల్లజాతి బ్యాండుకు రికార్డింగులు, రేడియో, హాలీవుడ్ సినిమాలు దొరికేలా తిరిగాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు హోటళ్ళలో గది ఇవ్వని రోజులవి. 1930లలో ఆ టూర్లకు బ్యాండు తమకంటూ ప్రత్యేకంగా తీసుకున్న రైలు పెట్టెల్లో వెళ్ళేది. పడకా అందులోనే, భోజనమూ అందులోనే. 1939లో ఇద్దరూ విడిపోయారు.

సోషల్ మీడియా కథలో ఎక్కడా కనిపించని అసలు ముక్క ఆ తర్వాత ఉంది. 1941 జనవరి 1 నుంచి అమెరికా రేడియో స్టేషన్లు ఆస్కాప్ అనే రచయితల, ప్రచురణకర్తల సంఘంవాళ్ళ పాటలు వేయడం మానేశాయి. సంఘం ఫీజు పెంచమంది, స్టేషన్లు కుదరదన్నాయి. ఎల్లింగ్టన్ ఆ సంఘం సభ్యుడు కాబట్టి ఆయన పాటలు ఆయన బ్యాండే రేడియోలో వాయించకూడని పరిస్థితి! అప్పటికి సంఘంలో లేని ఇద్దరు, సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్, కొడుకు మెర్సర్, కూర్చుని కొత్త పాటలు రాశారు. స్ట్రేహార్న్ పాట ‘టేక్ ది ఏ ట్రెయిన్’ అలా బ్యాండుకు గుర్తింపు పాటైపోయింది. అదే ఏడు ఎల్లింగ్టన్ టెంపో మ్యూజిక్ అనే సొంత ప్రచురణ సంస్థ పెట్టి చెల్లెలు రూత్‌ను దానికి అధ్యక్షురాలిని చేశాడు. అక్కణ్ణుంచి కొత్త పాటల్లో ప్రచురణకర్త వాటా బయటివాళ్ళకు పోకుండా ఇంట్లోనే ఉండే ఏర్పాటు కుదిరింది. ఆయన ఆస్తి కట్టాడు అనాలంటే ఇక్కడ అనాలి.

వారసుల మాటకొస్తే, టెంపోలో 51 శాతం రూత్ 1995లోనే అమ్మేశారు. మిల్స్ కాలం పాటల మీద గొడవ మాత్రం కోర్టుకెక్కింది. మిల్స్ ప్రచురణ సంస్థతో 1961లో చేసుకున్న ఒప్పందం ప్రకారం విదేశీ ఆదాయంలో, ఖర్చులు పోగా వచ్చినదాంట్లో సగం ఎల్లింగ్టన్ పక్షానికి రావాలి. తర్వాత ఆ పాటలు ఈఎంఐ అనే పెద్ద సంగీత కంపెనీ చేతికి వెళ్ళాయి. విదేశాల్లో ఆ పాటలు చూసే కంపెనీలూ దాని సొంతమే కావడంతో, ముందు అవి తమ వాటా పట్టుకుని, మిగిలినదాంట్లోనే సగం ఇస్తున్నాయని, అంటే సంస్థ రెండుసార్లు తీసుకుంటోందని ఎల్లింగ్టన్ మనవడు కేసు వేశాడు. 2014లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. ఒప్పందంలో ‘అనుబంధ సంస్థలు’ అన్న మాట 1961 నాటికి ఉన్నవాటికే వర్తిస్తుంది గానీ, తర్వాత వచ్చి చేరినవాటికి కాదని తేల్చింది.