సవరణ: కారం రుచి కాదు, నాలుకకు హద్దుల్లేవు

జ్ఞానేంద్రియాల మీద మొన్న పెట్టిన పోస్టులో రెండు తప్పులున్నాయి. నాలుక కొసకు తీపి, పక్కలకు పులుపు, వెనక చేదు మాత్రమే తెలుస్తాయని బొమ్మ గీశాను. కారాన్నీ రుచుల్లో కలిపాను. తప్పు నాదే. టెట్‌కు చదివేవాళ్లు ఆ బొమ్మ దాచుకొని ఉంటే తీసేయండి. ఇంద్రియ శాస్త్రం మీద ఇప్పటి పాఠ్యపుస్తకాలు చెప్పేది వేరు.

రుచిమొగ్గలున్న ప్రతిచోటా తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే కమ్మటి రుచి) అయిదూ తెలుస్తాయి. 1901లో జర్మనీలో హేనిగ్ అనే పరిశోధకుడు కొలిచినవి నాలుక మీద చోటుకూ చోటుకూ ఉండే చిన్న తేడాలే. 1942లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బోరింగ్ పుస్తకంలోని గ్రాఫు వాటిని పెద్దవిగా కనిపించేట్టు చేసింది.

ఇంట్లోనే చూడొచ్చు. దూదిపుల్లను ఉప్పునీళ్లలో ముంచి, చాపిన నాలుక కొసకు, పక్కకు విడివిడిగా తాకించండి. నాలుక లోపలికి తీస్తే నీళ్లు అంతటా పాకి పరీక్ష చెడుతుంది. నడిమధ్యన తెలియకపోతే కంగారొద్దు, అక్కడ మొగ్గలు చాలా తక్కువ.

ఇక కారం. ఉగాది పచ్చడి లెక్కలో అదీ రుచే, ఆ లెక్క వేరు. మిర్చిలోని క్యాప్సైసిన్ మేలుకొలిపేది వేడిని, నొప్పిని పట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించేదీ అదే. అందుకే మనం ‘మంట’ అంటాం. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో తేజ మిర్చి బస్తా విప్పితే కళ్లు మండుతాయి, కంట్లో రుచిమొగ్గలు లేవు కదా. చపాట మిర్చి ఎంత ఎర్రగా ఉన్నా అంత మండదు, దాంట్లో క్యాప్సైసిన్ తక్కువ. నీళ్లలో అది సరిగా కరగదు కాబట్టి మంటకు పెరుగు తినండి.