సవరణ: టర్బోకి ముందు కంప్రెషన్ తగ్గించడం గురించి

ఇంజిన్‌కి టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) పెట్టే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనం ఎన్నో వంతుకి నొక్కుకుపోతాయో ఆ నిష్పత్తి) తగ్గించాలంటే మందపాటి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైన కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పలక) వేస్తే చాలు, అదే తేలికైన, సేఫ్ పద్ధతి అని ఇదివరకు రాశాను. అది తప్పు. పిస్టన్ తయారీదారుల టెక్నికల్ గైడ్లు, ఇంజిన్ బిల్డింగ్ మాన్యువల్స్ చెప్పేది వేరు.

86 మి.మీ. బోర్ (వ్యాసం), 86 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ తీసుకోండి. దాదాపు 500 సీసీ. కంప్రెషన్ 10:1 అయితే పిస్టన్ పైన మిగిలే ఖాళీ సుమారు 55.5 సీసీ. 8.5:1 కి దించాలంటే అది 66.6 కావాలి. ఆ 11 సీసీ గ్యాస్కెట్‌తోనే రాబట్టాలంటే మందం ఇంకో 1.9 మి.మీ. పెరగాలి.

చిక్కంతా అక్కడే. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు, అంటే స్క్విష్ గ్యాప్, సాధారణంగా 1 మి.మీ. అటూఇటూ ఉంటుంది. గాలి, ఇంధనాన్ని స్పార్క్ ప్లగ్ వైపు చిమ్మి బాగా కలిపేది అదే. ఆ సందు 3 మి.మీ. దగ్గరికి వెళితే ఆ చిమ్మడం పోతుంది, మంట నెమ్మదిస్తుంది. ఏ నాకింగ్‌కి (ఇంధనం అదుపు లేకుండా తనంతట తానే అంటుకోవడానికి) భయపడి కంప్రెషన్ తగ్గించామో అదే మళ్లీ తయారు! పైగా ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్లలో (వాల్వులను నడిపే క్యామ్ హెడ్‌లోనే ఉండేవి) హెడ్ పైకి జరిగితే క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయం కూడా కాస్త వెనకబడుతుంది.

సరైన దారి పైభాగం మధ్యలో గుంట ఉన్న ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తిడితో అదిమి గట్టిగా చేసిన) పిస్టన్లు. ఖాళీ పెరుగుతుంది, అంచు దగ్గర సందు మారదు. ఖర్చు ఎక్కువే, కాదనను. అలాగని ఉన్న పిస్టన్లనే చెక్కించి గుంట చేయించకండి. పై మందం తగ్గి టర్బో వేడికి, ఒత్తిడికి పగిలిపోవచ్చు.